క్రూయిజ్ ప్రకటనల్లో ఒక్కరి ధర కూడా వేయండి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

విహార నౌకల గురించి పత్రికల్లో వచ్చే ప్రకటనల్లోనూ, ప్రయాణ పేజీల వ్యాసాల్లోనూ కనిపించే ధరలు దాదాపు అన్నీ ఇద్దరు ఒక క్యాబిన్ పంచుకుంటే ఒక్కొక్కరికి పడే ధరలు. ఆ సంగతి ప్రకటన అడుగున 'ట్విన్ షేరింగ్' అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. వ్యాసాల్లోనైతే తరచుగా అది కూడా ఉండదు. ఒంటరిగా ప్రయాణం చేయాలనుకునేవారికి ఆ అంకె వల్ల ప్రయోజనం లేదు, ఎందుకంటే ఆ ధరకు వారికి ఆ ఓడలో గది ఇవ్వరు. వారు చెల్లించవలసిన మొత్తం ఒకటిన్నర రెట్లు కావచ్చు, దాదాపు రెండు రెట్లు కావచ్చు, ఎప్పుడైనా అదృష్టం బాగుంటే అచ్చువేసిన ధరకు దగ్గరగానూ ఉండవచ్చు. ఏదన్నది బుకింగ్ చివరిదాకా వెళితే గాని తేలదు. అచ్చయ్యే ప్రతి క్రూయిజ్ ధర పక్కన గదిలో ఒక్కరే ఉంటే ఎంతవుతుందో కూడా వేయాలని, ఆ పద్ధతిని మీ పత్రిక మొదలుపెట్టాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. ఆ మార్పు వచ్చేదాకా ఒంటరి ప్రయాణికులు తక్కువ ధరను ఎక్కడ, ఎప్పుడు, ఎలా వెతుక్కోవచ్చో కూడా ఇందులోనే వివరిస్తాను, ఎందుకంటే ఈ రెండు విషయాలూ ఒకదానితో ఒకటి ముడిపడినవే.

ఒంటరిగా ఓడ ఎక్కేవారు ఎవరో ముందుగా చెప్పాలి. భార్యనో భర్తనో పోగొట్టుకున్నవారు, పెళ్లి చేసుకోనివారు, ఇంట్లో రెండోవారికి సముద్రం పడనివారు, స్నేహితుల సెలవులు కలిసి వస్తాయేమోనని ఏళ్ల తరబడి చూసి ఇక చాలనుకున్నవారు, ఎవరి గొడవా లేకుండా నాలుగు రోజులు తమంతట తాము గడపాలనుకునేవారు వీరిలో ఉంటారు. నేను కూడా వీరిలో ఒకదాన్ని. నిజానికి ఒంటరిగా వెళ్లేవారికి ఓడ ప్రయాణంకన్నా అనువైనది మరొకటి లేదని నా నమ్మకం. సామాను ఒక్కసారి విప్పుకుంటే చాలు, ఊరు మారినప్పుడల్లా మోసుకు తిరగనక్కరలేదు. చీకటి పడేసరికి ఎక్కడికి చేరుకోవాలో ముందే తెలుసు. కావాలనుకుంటే భోజనాల బల్ల దగ్గర మాట కలిపే మనుషులుంటారు, వద్దనుకుంటే ఎవరూ బలవంతపెట్టరు. ఆరోగ్యం బాగోలేకపోతే వైద్యుడు ఓడలోనే ఉంటాడు. ఇంతగా సరిపోయే ప్రయాణం సరిగ్గా వీరికే అందరికన్నా ఎక్కువ ఖరీదు కావడం బాధ కలిగించే విషయం.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే తక్కువ ధర ఎక్కడ దొరుకుతుందో ఊహించడం సులువవుతుంది. హోటల్ వాళ్లు ధరను గదికి చెబుతారు కాబట్టి ఒక్కరే దిగినా ఎంతవుతుందో మొదటి చూపులోనే తెలుస్తుంది. ఓడ కంపెనీలు అలా కాకుండా ధరను మనిషికి చెబుతాయి, లెక్క మాత్రం గదికి వేసుకుంటాయి. ప్రతి క్యాబిన్‌లోనూ ఇద్దరుంటారన్నది వారి లెక్కకు పునాది. గదికి ఇద్దరు చొప్పున ఓడ నిండితే దాన్ని నూరు శాతం అంటారు. కొన్ని గదుల్లో మూడో మనిషి, నాలుగో మనిషి కూడా ఉంటారు కాబట్టి పెద్ద ఓడలు నూరు శాతం దాటి కూడా నడుస్తాయి. ఆ గదిలో ఒక్కరే ఉంటే కంపెనీ రెండు రకాలుగా నష్టపోతుంది: రెండోవారి టికెట్ డబ్బు రాదు, రెండోవారు ఓడలో పెట్టే ఖర్చు కూడా రాదు. పానీయాలు, ఇంటర్నెట్, రేవుల్లో దిగి తిరిగే యాత్రలు, స్పా, కాసినో వంటి వాటిమీద వచ్చే ఆదాయం పెద్ద కంపెనీల మొత్తం రాబడిలో దాదాపు మూడో వంతు ఉంటుంది. అందుకే ఒంటరివారి దగ్గర సింగిల్ సప్లిమెంట్ పేరుతో అదనపు సొమ్ము తీసుకుంటారు. అది సాధారణంగా 25 శాతం నుంచి 100 శాతం వరకు ఉంటుంది. సూట్ వంటి పెద్ద గదులకు నూటికి నూరూ వసూలు చేయడం మామూలే.

కంపెనీ వైపు వాదన నాకు అర్థం కాక కాదు. ఇద్దరు పట్టే గదిని ఒక్కరికిస్తే కొంత ఎక్కువ తీసుకోవడంలో తప్పు లేదు. అయితే ఒక్కరు ఇద్దరి తిండి తినరు, రెండు పడకలు నలపరు, నాటకశాలలో రెండు కుర్చీలు ఆక్రమించరు. అమ్ముడుపోకుండా ఖాళీగా బయలుదేరిన గది వల్ల కంపెనీకి పైసా కూడా రాదు. ఇవన్నీ చూసుకుంటే ఒకటిన్నర రెట్లు దాటి అడగడం న్యాయం కాదని నా అభిప్రాయం. దానికన్నా పెద్ద అభ్యంతరం, ఆ రెట్టింపును దాచిపెట్టడం గురించి.

లెక్క ఎలా ఉంటుందో చూడండి. ఏ దేశపు డబ్బయినా ఫరవాలేదు, ఒక ప్రయాణానికి టికెట్ ధర మనిషికి 1,000, పోర్టు ఛార్జీలు, పన్నులు మనిషికి 200 అనుకుందాం. జంటకు మొత్తం 2,400, అంటే తలకు 1,200. వంద శాతం సప్లిమెంట్‌తో ఒక్కరే వెళితే టికెట్‌కు 2,000, పన్నులకు 200, మొత్తం 2,200. పోర్టు ఛార్జీలు, రోజువారీ టిప్పులు మనిషి లెక్కన ఉంటాయి కాబట్టి లేని మనిషికి వాటిని కట్టనక్కరలేదు. అందుకే రెట్టింపు అన్నా లెక్క సరిగ్గా రెట్టింపు కాదు. సప్లిమెంట్ 50 శాతమే ఉంటే మొత్తం 1,700 అవుతుంది. ఈ లెక్క ప్రతి ఒంటరి ప్రయాణికుడూ స్వయంగా వేసుకోవాలి, ఎందుకంటే కొందరు ఏజెంట్లు శాతాన్ని అదనానికి చెబుతారు, మరికొందరు మొత్తానికి చెబుతారు. ఒకరి 50 శాతం, మరొకరి 150 శాతం ఒకటే కావచ్చు. శాతాల జోలికి పోకుండా పన్నులు, టిప్పులతో సహా ఒక్కరికి చివరి మొత్తం ఎంత అని అడిగి, దాన్ని రాత్రుల సంఖ్యతో భాగించి చూసుకోవడం మంచిది. ఏడు రాత్రుల ప్రయాణాన్నీ పన్నెండు రాత్రుల ప్రయాణాన్నీ పోల్చడానికి అంతకన్నా నమ్మకమైన మార్గం లేదు.

కంపెనీల వెబ్‌సైట్లలో వెతికేటప్పుడు మొట్టమొదట ప్రయాణికుల సంఖ్యను ఒకటికి మార్చాలి. చాలా చోట్ల ఆ గడిలో ముందే రెండు అని ఉంటుంది. దాన్ని అలాగే వదిలేస్తే చూసే ధరలన్నీ మనకు వర్తించనివే. ముందు ఒక్కరికి, తరువాత ఇద్దరికి, ఒకే తేదీకి ఒకే రకం గదికి ధర చూసి పోలిస్తే ఆ ప్రయాణానికి సప్లిమెంట్ ఎంత వేశారో బయటపడుతుంది. ఒకే ఓడలో, ఒకే వారంలో, కిటికీ లేని లోపలి గదికి ఒక రకంగా, బాల్కనీ గదికి మరో రకంగా ఉండవచ్చు. ఒకే కంపెనీ జూలైలో నూరు శాతం అడిగి నవంబరులో నాలుగో వంతుతో సరిపెట్టవచ్చు. కాబట్టి ఫలానా కంపెనీ ఒంటరివారికి చౌక అన్న మాటను అలాగే నమ్మకూడదు. ఏ ప్రయాణానికి ఆ ప్రయాణమే చూసుకోవాలి.

ఒక్కరి కోసమే కట్టిన గదుల సంగతికి వస్తాను. ఇవి కొత్త ఆలోచన అనుకుంటారు గాని, అట్లాంటిక్ మీద తిరిగిన పాత ఓడల్లో ఒక్కరి గదులు మామూలుగా ఉండేవి, ఎందుకంటే అప్పుడు ఓడ అంటే పనిమీద వెళ్లేవారి వాహనం. 1958లో జెట్ విమానాలు అట్లాంటిక్ దాటడం మొదలుపెట్టిన తరువాత పనిమీద వెళ్లేవారు ఓడలను వదిలేశారు, ఓడలు విహారానికి మళ్లాయి, విహారం అంటే జంటలు, కుటుంబాలు అన్న లెక్క స్థిరపడింది. ఆ తరువాత గదులను కర్మాగారంలో ఒకే కొలతతో తయారు చేసి ఓడ పొట్టలోకి తోసి బిగించే పద్ధతి వచ్చాక ఇద్దరు పట్టే గదే అన్నిటికీ అచ్చుగా మారింది. ఈ ధోరణికి ఎదురుగా వచ్చింది 2010లో నార్వేజియన్ క్రూయిజ్ లైన్ వారి నార్వేజియన్ ఎపిక్. రెండు వేలకు పైగా గదులున్న ఆ ఓడలో 128 గదులను స్టూడియోల పేరుతో ఒక్కరి కోసం కట్టారు. ఒక్కొక్కటి వంద చదరపు అడుగులే, సముద్రం వైపు కిటికీ లేదు. అయితే స్టూడియోల్లో ఉండేవారు కూర్చుని మాట్లాడుకోవడానికి ప్రత్యేకంగా ఒక లాంజ్ ఇచ్చారు. అది బాగా నడవడంతో ఇతరులు కూడా కదిలారు. 2014లో వచ్చిన రాయల్ కరీబియన్ వారి క్వాంటమ్ ఆఫ్ ద సీస్‌లో బాల్కనీతో కూడిన ఒక్కరి గదులు కూడా పెట్టారు. హాలండ్ అమెరికా లైన్ వారి కోనింగ్స్‌డామ్‌లో సముద్రం కనిపించే ఒక్కరి గదులు 12 ఉన్నాయి. 2016లో క్వీన్ మేరీ 2ను మరమ్మతుకు తీసుకెళ్లినప్పుడు కునార్డ్ కంపెనీ అందులో 15 ఒక్కరి గదులను చేర్చింది.

ఈ అంకెలను ఓడ పరిమాణంతో కలిపి చూడాలి. పదమూడు వందలకు పైగా గదులున్న ఓడలో పదిహేను గదులంటే వందకు ఒకటి చొప్పున పడుతుంది. నా దృష్టిలో ఈ విషయంలో అందరికన్నా ముందున్నది బ్రిటన్‌కు చెందిన సాగా సంస్థ. యాభై దాటినవారి కోసం నడిచే ఆ సంస్థ 2019లో తెచ్చిన స్పిరిట్ ఆఫ్ డిస్కవరీలో 554 గదులుంటే అందులో 109 ఒక్కరి కోసమే, వాటన్నిటికీ బాల్కనీ కూడా ఉంది. ఐదు గదుల్లో ఒకటి ఒంటరివారికి కేటాయించి కూడా ఓడ నడపవచ్చని దీనివల్ల తెలుస్తోంది. కుదరదు అనే కంపెనీలు ఈ ఒక్క ఓడను చూడాలని నా మనవి.

ఒక్కరి గదుల గురించి ఒక హెచ్చరిక. సప్లిమెంట్ లేదన్న మాట నిజమే అయినా, ఆ గది ధరను కంపెనీ తన ఇష్టం వచ్చినట్టు నిర్ణయిస్తుంది. అలాంటి గదులు తక్కువ, అడిగేవారు ఎక్కువ కాబట్టి స్టూడియో ధర ఒక్కోసారి మామూలు లోపలి గదికి రెట్టింపు కట్టిన దానికన్నా కూడా పైకి పోతుంది. మామూలు గది స్టూడియోకన్నా విశాలంగా ఉంటుంది, పైగా ధర కూడా తగ్గితే స్టూడియో తీసుకోవడంలో అర్థం లేదు. స్టూడియో ధర, లోపలి గదిని ఒక్కరే తీసుకుంటే అయ్యే ధర, వీలైతే కిటికీ గది ధర, ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని చూసిన తరువాతే నిర్ణయించుకోవాలి. లాంజ్‌లో దొరికే సాంగత్యం కోసం కొంచెం ఎక్కువ పెట్టడానికి సిద్ధపడేవారు ఉంటారు, అది వారి ఇష్టం, కాదనను.

ఎప్పుడు బుక్ చేసుకోవాలన్న ప్రశ్నకు ఒంటరి ప్రయాణికుల విషయంలో ఒకదానికొకటి వ్యతిరేకమైన రెండు జవాబులున్నాయి, రెండూ సరైనవే. ఒక్కరి గది కావాలంటే ఎంత ముందైతే అంత మంచిది. ఓడ కంపెనీలు ప్రయాణాలను ఏడాది ముందే, కొన్నిటిని రెండేళ్ల ముందే అమ్మకానికి పెడతాయి. గుప్పెడు గదులున్న ఓడలో అవి మొదట్లోనే అయిపోతాయి, చివరి క్షణంలో తగ్గింపుకు మిగలవు. ఇద్దరి గదిని తక్కువ సప్లిమెంట్‌తో తీసుకోవాలనుకునేవారు మాత్రం ఆగడం నేర్చుకోవాలి. బుక్ చేసినవారు పూర్తి సొమ్ము చెల్లించవలసిన గడువు సాధారణంగా ప్రయాణానికి రెండు నుంచి నాలుగు నెలల ముందు ఉంటుంది. ఆ గడువులో డబ్బు కట్టకుండా వెనక్కి తగ్గినవారి గదులు తిరిగి అమ్మకానికి వస్తాయి, ఓడ ఎంత నిండుతుందో కంపెనీకి అప్పుడు స్పష్టంగా తెలుస్తుంది, నిండదనిపిస్తే సప్లిమెంట్ తగ్గించడం మొదలవుతుంది. టికెట్ ధర తగ్గించినట్టు బయటికి కనిపిస్తే ముందే కొన్నవారు గొడవ చేస్తారు కాబట్టి, ఒంటరివారికి సప్లిమెంట్ తగ్గించి గది నింపుకోవడం కంపెనీకి కూడా సౌకర్యమే.

ఆగడంలో కూడా ఒక జాగ్రత్త అవసరం. సెలవు, విమానం టికెట్, వీసా ఈ మూడూ చివర్లో సర్దుకోగలిగినవారికే ఈ మార్గం. వీసాకు వారాలు పట్టే దేశాల రేవులున్న ప్రయాణానికి ఆఖరి నెల ఆఫర్ కోసం కూర్చుంటే ఓడ టికెట్‌లో మిగిలినదంతా విమానానికి పోతుంది, లేదా ప్రయాణమే పోతుంది. అలాంటివారు తిరిగి ఇచ్చే డిపాజిట్‌తో ముందుగా బుక్ చేసుకుని, పూర్తి సొమ్ము కట్టే గడువు వరకు ధరను గమనిస్తూ, తగ్గితే కొత్త ధర ఇమ్మని అడగడం మంచిది. కొన్ని కంపెనీలు ఇస్తాయి, కొన్ని ఇవ్వవు; డిపాజిట్ వెనక్కి వస్తుందా రాదా అన్నది కట్టకముందే రాతపూర్వకంగా తీసుకోవాలి. గది నంబరు మనం ఎంచుకోకుండా కంపెనీకి వదిలేసే గ్యారంటీ క్యాబిన్ పద్ధతిలో కూడా ధర తగ్గుతుంది. ఇద్దరున్నప్పుడు ఏ గది ఇస్తారోనని బెంగపడతారు గాని, ఒక్కరికి గది ఎక్కడున్నా పెద్ద తేడా ఉండదు. గది చప్పుడు వినిపించే చోట పడవచ్చు కాబట్టి నిద్ర పలచగా పట్టేవారు మాత్రం ఈ పద్ధతి జోలికి వెళ్లకపోవడం మేలు.

ఏ నెలలో వెళితే తక్కువన్నది పిల్లల సెలవులను బట్టి ఉంటుంది. బడులు తెరిచి ఉన్న రోజుల్లో కుటుంబాలు రావు, గదులు మిగులుతాయి, మిగిలిన గదుల కోసమే కంపెనీకి ఒంటరివారు గుర్తుకొస్తారు. డిసెంబరు మొదటి రెండు వారాలు, కొత్త సంవత్సరం సందడి అయిపోయిన జనవరి, సీజన్ మొదలయ్యే వారాలు, ముగిసే వారాలు చూసుకోవాలి. వీటన్నిటికన్నా ఒంటరి ప్రయాణికులకు ఎక్కువ ఉపయోగపడేవి ఓడలు ఒక సముద్రం వదిలి మరో సముద్రానికి మారే ప్రయాణాలు. చలికాలమంతా కరీబియన్‌లో తిరిగిన ఓడలు ఏప్రిల్, మే నెలల్లో మధ్యధరా సముద్రానికి, ఉత్తర యూరప్‌కు వస్తాయి. అక్టోబరు, నవంబరులో తిరిగి వెళతాయి. అలస్కాలో వేసవి గడిపినవి సెప్టెంబరు దాటాక దక్షిణానికి మళ్లుతాయి. ఓడ ఎలాగూ వెళ్లాలి, దారిలో రేవులు తక్కువ, వరుసగా ఐదారు రోజులు సముద్రమే, ప్రయాణం రెండు వారాలదాకా సాగుతుంది. అంత సెలవు దొరికే కుటుంబాలు తక్కువ. అందుకే రాత్రికి పడే ధర బాగా దిగుతుంది, సప్లిమెంట్ కూడా చాలాసార్లు దిగుతుంది. పుస్తకాలు చదువుకుంటూ, డెక్ మీద నడుస్తూ గడపగలిగినవారికి ఇది గొప్ప వరం. తూర్పు నుంచి పడమటికి వెళ్లే ఓడలో దారి పొడుగునా గడియారాన్ని గంట చొప్పున వెనక్కి తిప్పుతారు కాబట్టి ఆ రాత్రుల్లో ఒక గంట అదనంగా నిద్ర కూడా దొరుకుతుంది. ఇందులో చూసుకోవలసినది, ఎక్కిన చోటు ఒకటి, దిగే చోటు మరొకటి కావడం. తిరుగు విమానం ధరను కలిపి లెక్క వేస్తేనే అది చౌకో కాదో తెలుస్తుంది.

పెద్ద ఓడలు మాత్రమే ఓడలు కావు. 1893లో మొదలైన నార్వే తీరపు నౌకా మార్గంలో ఇప్పుడు హర్టిగ్రూటెన్, హవిలా అనే రెండు కంపెనీల ఓడలు బెర్గెన్, కిర్కెనెస్‌ల మధ్య 34 రేవుల్లో ఆగుతూ తిరుగుతాయి. సరుకులు, స్థానిక ప్రయాణికులు, యాత్రికులు అందరూ కలిసి వెళ్లే ఆ ఓడల్లో ఒంటరిగా కనిపించడం ఎవరికీ వింత కాదు. కొన్ని తేదీలకు సప్లిమెంట్ తగ్గిస్తుంటారు, తీసేస్తుంటారు కూడా. డాన్యూబ్, రైన్ నదుల మీద తిరిగే చిన్న నౌకల్లో వసంతం మొదట్లో, శరత్తు చివర్లో ఇలాంటి తగ్గింపులు వస్తాయి. అక్కడ ముందుగా అడగవలసినది కింది డెక్‌లో ఉండే అతి చిన్న గదుల గురించి, ఎందుకంటే సప్లిమెంట్ మొదట ఎత్తేసేది వాటికే. పూర్తిగా ఒంటరి ప్రయాణికులతోనే కొన్ని నదీ ప్రయాణాలు నడిపే సంస్థలు కూడా ఉన్నాయి. అంటార్కిటికా వంటి చోట్లకు వెళ్లే సాహస యాత్రల ఓడల్లో పరిచయం లేని మరో ప్రయాణికుడితో, మహిళలైతే మరో మహిళతో, గది పంచుకునే పద్ధతి చాలాకాలంగా నడుస్తోంది. అలా పంచుకోవడానికి ఒప్పుకుంటే సప్లిమెంట్ ఉండదు. తోడు దొరకకపోయినా అదనంగా అడగబోమని కొన్ని సంస్థలు హామీ ఇస్తాయి. ఆ హామీ ఉందో లేదో అడిగి తెలుసుకోవాలి. గురక, నిద్రవేళలు, గదిలో ఏసీ చల్లదనం వంటివి మొదటిరోజే మాట్లాడుకోగలిగినవారికి ఇది సరిపోతుంది, ఏకాంతం కోసం బయలుదేరినవారికి సరిపోదు.

ఆఫర్ల విషయంలో ఒంటరివారు మరింత జాగ్రత్తగా ఉండాలి. 'రెండోవారికి సగం ధర', 'మూడోవారికి, నాలుగోవారికి ఉచితం' అని పెద్ద అక్షరాల్లో వచ్చేవి మనకు సంబంధించినవి కావనిపిస్తుంది. అయినా రెండోవారి ధరే మనం కట్టే సప్లిమెంట్‌కు ఆధారం కాబట్టి, ఆ తగ్గింపు సప్లిమెంట్‌కు కూడా వర్తిస్తుందా అని ఏజెంట్‌ను అడగాలి. వర్తించే చోట బాగా కలిసివస్తుంది. ఓడలో ఖర్చు పెట్టుకోవడానికి ఇచ్చే క్రెడిట్ గదికి ఇంత అని ఇస్తే మొత్తం మనకే దక్కుతుంది, మనిషికి ఇంత అంటే ఒక్కరి వంతే వస్తుంది. రాయల్ కరీబియన్ లాయల్టీ పథకంలో సింగిల్ సప్లిమెంట్ కట్టి ఒక్కరే గదిలో ఉన్నవారికి రాత్రికి రెట్టింపు పాయింట్లు వేస్తారు. ఇలాంటి మర్యాద ఇతర కంపెనీల్లోనూ ఉందా అని కనుక్కోవాలి. ఓడ ఎక్కే ముందురోజు ఊళ్లో దిగే హోటల్ గది, రేవు నుంచి టాక్సీ, ఇవి కూడా పంచుకునేవారు లేక పూర్తిగా మన మీదే పడతాయి. ఇంటికి దూరంగా ఉన్న రేవునుంచి బయలుదేరే చౌక ఓడకన్నా, ఒకే విమానంలో చేరుకోగల రేవునుంచి బయలుదేరే కాస్త ఖరీదైన ఓడ చివరికి తక్కువకే రావచ్చు.

ధరల పారదర్శకత గురించి కొన్ని దేశాలు కదిలాయి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో తప్పనిసరి రుసుములను దాచకుండా ధరలోనే కలిపి చూపాలన్న చట్టం 2024 జూలై 1న అమల్లోకి వచ్చింది. ఒక్క రాష్ట్రానికి వేరుగా ధరలు చూపడం కష్టం కాబట్టి పెద్ద ఓడ కంపెనీలు పోర్టు ఛార్జీలు, పన్నులు కలిపిన ధరలను అమెరికా అంతటా చూపడం మొదలుపెట్టాయి. బ్రిటన్‌లో ఇలాంటి నిబంధనే 2025 ఏప్రిల్‌లో వచ్చింది. ఈ మార్పులు మంచివే, వాటివల్ల అందరికీ మేలు జరిగింది. వాటి తరువాత కూడా మొదట కనిపించే ధర ఇద్దరిలో ఒకరిదే. ఆ ఒక్క అడుగు ఇంకా పడలేదు. అమెరికాలో పన్నులు కలపకుండానే ఏళ్లపాటు ధర చూపిన వ్యాపారం ఒక్క చట్టంతో కలిపి చూపింది కాబట్టి, ఒక్కరి ధర చూపడం సాంకేతికంగా కష్టమన్న మాటను ఇక ఎవరూ ఒప్పుకోనక్కరలేదు. వెబ్‌సైట్‌లో ప్రయాణికుల సంఖ్యను ఒకటికి మార్చగానే ఆ ధర క్షణంలో వస్తోంది. దాన్ని ప్రకటనలో అచ్చువేయడానికి కావలసినది ఒక్క వరుస మాత్రమే.

చట్టం వచ్చేదాకా ఆగకుండా చేయగలిగిన పని పత్రికల చేతిలో ఉంది. క్రూయిజ్ ప్రకటన తీసుకునేటప్పుడు ఒక్కరు ప్రయాణిస్తే పన్నులతో సహా ఎంతవుతుందో కూడా వేయమని ప్రకటనకర్తలను అడగవచ్చు. ప్రయాణ పేజీల్లో ఏదైనా ఓడ గురించి రాసేటప్పుడు ఇద్దరికి ధర, ఒక్కరికి ధర, ఆ ఓడలో ఒక్కరి గదులు ఎన్ని ఉన్నాయన్న సంఖ్య, ఈ మూడూ తప్పక ఉండాలని మీ విలేకరులకు సూచించవచ్చు. వీటిలో మూడోది అన్నిటికన్నా ముఖ్యమని నేననుకుంటున్నాను, ఎందుకంటే ఆ సంఖ్య పదే పదే అచ్చవుతుంటే వందకు ఒక్క గది ఇచ్చే కంపెనీకీ, ఐదింటిలో ఒకటి ఇచ్చే కంపెనీకీ తేడా పాఠకులకు కనిపిస్తుంది, తరువాతి ఓడ కట్టించేటప్పుడు ఆ కంపెనీలకూ కనిపిస్తుంది. నెలకొకసారి ఇలాంటి చిన్న పట్టిక వేయాలని మీరు నిర్ణయించుకుంటే, ధరలు వెతికి, ఒక్కరి లెక్క కట్టి, సరిచూసి మీకు పంపే పనిలో పాలుపంచుకోవడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒంటరిగా ప్రయాణించే ఒక పాఠకురాలు